పక్షం మరచిన పార్టీ: జర్మన్ సోషల్ డెమొక్రాట్ల పతనం

2025 ఫిబ్రవరి 23న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో జర్మనీ సోషల్ డెమొక్రటిక్ పార్టీకి, అంటే ఎస్‌పీడీకి, 16.4 శాతం ఓట్లు వచ్చాయి. జాతీయ ఎన్నికల్లో ఆ పార్టీకి ఇంత తక్కువ ఓట్లు రావడం 1887 తర్వాత ఇదే మొదటిసారి. హిట్లర్ అధికారంలో ఉండగా, తుపాకుల నీడలో జరిగిన 1933 మార్చి ఎన్నికల్లో కూడా అది 18 శాతం దాటింది. 1998లో 2 కోట్లకు పైగా ఓటర్లు ఆ పార్టీని ఎన్నుకున్నారు. 2025లో ఆ సంఖ్య 81 లక్షలు. గెల్సన్‌కిర్షెన్ ఫలితం చూస్తే ఈ అంకెల వెనక ఏం జరిగిందో తెలుస్తుంది. రూర్ బొగ్గు ప్రాంతంలోని ఆ నగరంలో గని కార్మికుల కుటుంబాలు తరతరాలుగా ఎస్‌పీడీకే ఓటేశాయి. సగానికి మించిన ఓట్లు అక్కడ పార్టీకి మామూలు విషయం. గనులు మూతపడ్డాయి, ఉక్కు పని తగ్గింది. దేశంలోకెల్లా నిరుద్యోగం ఎక్కువగా ఉన్న నగరాల్లో అదొకటైంది. ఆ నగరంలో 2025లో పార్టీ ఓట్లలో తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ కొద్ది తేడాతో మొదటి స్థానానికి వచ్చింది. ఎన్నికల రోజు సర్వేల ప్రకారం దేశం మొత్తమ్మీద శారీరక శ్రమ చేసే కార్మికుల్లో 38 శాతం ఏఎఫ్‌డీకి ఓటేస్తే, కార్మికుల కోసమే పుట్టిన ఎస్‌పీడీకి ఓటేసింది 12 శాతం. 1998లో ఆ వర్గంలో దాదాపు సగం ఓట్లు ఎస్‌పీడీవే.

ఈ పతనానికి వినిపించే కారణాలు చాలా ఉన్నాయి. కాలం మారిందని, కార్మిక వర్గమే కరిగిపోయిందని, వలసలు రాజకీయాన్ని తలకిందులు చేశాయని, యూరప్ అంతటా ఇదే కథని అంటారు. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే వీటన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సిన కారణం ఒకటుందని నా అభిప్రాయం. పని పోయినప్పుడు, జబ్బు చేసినప్పుడు, ముసలితనం వచ్చినప్పుడు మనిషి పాతాళానికి జారిపోకుండా కాపాడతామన్నది ఎస్‌పీడీ ఇచ్చిన అసలు హామీ. ఆ హామీని పార్టీ తన చేతులతో తానే తెంచింది. తర్వాత ఇరవై ఏళ్లపాటు అధికారంలో ఉండి ఒక్కో పోగూ అతికించుకుంటూ వచ్చింది కానీ, ఎవరి పక్షాన ఎవరితో పోరాడుతున్నదో చెప్పడం మాత్రం మానేసింది.

1863 మే నెలలో లైప్‌జిగ్‌లో ఫెర్డినాండ్ లాసాల్ కార్మికుల సంఘం స్థాపించిన నాటి నుంచి ఈ పార్టీ తన వయసు లెక్కించుకుంటుంది. బిస్మార్క్ 1878 నుంచి 1890 దాకా చట్టం చేసి మరీ దాని సభలను, పత్రికలను నిషేధించాడు. నిషేధం ఎత్తేసే నాటికి పార్టీ మరింత బలపడింది. 1912లో 34.8 శాతం ఓట్లతో పార్లమెంటులోకెల్లా పెద్ద పార్టీ అయింది. ఎన్నికల సమయంలో మాత్రమే కనబడే పార్టీ కాదది. కార్మికుల గ్రంథాలయాలు, వ్యాయామ సంఘాలు, సహకార దుకాణాలు, పాటల బృందాలు దాని చుట్టూ అల్లుకుని ఉండేవి. 1914లో యుద్ధ రుణాలకు చేయెత్తి పెద్ద తప్పు చేసింది, దాని ఫలితంగా చీలింది కూడా. కానీ 1933 మార్చి 23న హిట్లర్‌కు సర్వాధికారాలు కట్టబెట్టే చట్టం వచ్చినప్పుడు, తోటి సభ్యులు కొందరు జైళ్లలో, కొందరు పరారీలో ఉండగా, సభలోకి రాగలిగిన 94 మంది సోషల్ డెమొక్రాట్లూ వ్యతిరేకంగా ఓటేశారు. ఆ రోజు ‘కాదు’ అన్నది వాళ్లొక్కరే. నాయకుడు ఒట్టో వెల్స్ నాజీ మూకల మధ్య నిలబడి ప్రసంగించాడు. ఇంతటి వారసత్వం ఉన్న పార్టీ పదహారు శాతానికి పడిపోవడం ఆ పార్టీ అభిమానులు మాత్రమే బాధపడాల్సిన విషయం కాదు.

మార్క్స్‌ను వదిలేసిన రోజే పార్టీ పతనం మొదలైందని కొందరు వామపక్ష విమర్శకులు అంటారు. 1959లో బాద్ గోడెస్‌బర్గ్ మహాసభలో ఎస్‌పీడీ వర్గపోరాట సిద్ధాంతాన్ని పక్కన పెట్టి, మార్కెట్టును ఒప్పుకుని, తనను కార్మికుల పార్టీ స్థానంలో ప్రజలందరి పార్టీగా ప్రకటించుకుంది. ఈ వాదనకు అంకెలే అడ్డు నిలుస్తాయి. 1957లో 31.8 శాతం ఉన్న ఓటు 1961లో 36.2కు, 1965లో 39.3కు, 1969లో 42.7కు, 1972లో 45.8కు పెరిగింది. అంటే మెట్టు మెట్టుగా పైకే వెళ్లింది. మధ్యేమార్గానికి రావడం పార్టీని చంపలేదు. మధ్యేమార్గానికి వచ్చాక కూడా అది ఏం చేయదలచుకుందో ప్రజలకు స్పష్టంగా తెలుసు. విల్లీ బ్రాంట్ ప్రభుత్వం 1971లో తెచ్చిన విద్యార్థి సహాయ చట్టంతో కార్మికుల పిల్లలు విశ్వవిద్యాలయాలకు వెళ్లగలిగారు. 1976లో హెల్ముట్ ష్మిట్ హయాంలో వచ్చిన చట్టం రెండు వేల మందికి పైగా పనిచేసే కంపెనీల పర్యవేక్షక మండళ్లలో సగం కుర్చీలు ఉద్యోగుల ప్రతినిధులకు ఇచ్చింది. ఓటు వేరేవాళ్లకు వేసేవాడు కూడా ఎస్‌పీడీ దేని కోసమో ఒక్క వాక్యంలో చెప్పగలిగిన కాలమది. పార్టీ సభ్యత్వం పది లక్షలు దాటింది కూడా ఆ దశకంలోనే.

1998లో హెల్ముట్ కోల్ పదహారేళ్ల పాలనను ఓడించి గెర్హార్డ్ ష్రోడర్ 40.9 శాతంతో గెలిచాడు. ఆ గెలుపును రెండు భుజాలు మోశాయి. పరిశ్రమలను మచ్చిక చేసుకోగల ష్రోడర్ ఒకటి, పార్టీ అధ్యక్షుడిగా, ఆర్థికమంత్రిగా సంక్షేమం వైపు నిలబడిన ఆస్కర్ లాఫోంటేన్ రెండోది. ఆరు నెలలు తిరక్కముందే, 1999 మార్చిలో, లాఫోంటేన్ మంత్రి పదవికీ పార్టీ అధ్యక్ష పదవికీ ఒకే రోజు రాజీనామా చేశాడు. జూన్‌లో ష్రోడర్ బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్‌తో కలిసి, సోషల్ డెమొక్రసీ మార్కెట్టుకు మరింత చోటివ్వాలనే పత్రం విడుదల చేశాడు. అత్యధిక ఆదాయంపై పన్ను రేటు 53 నుంచి దశలవారీగా 42 శాతానికి దిగింది. కంపెనీలు తమ వాటాలు అమ్ముకుంటే వచ్చే లాభంపై పన్ను రద్దయింది. 1995లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు తర్వాత 1997 నుంచి వసూలు కాకుండా ఆగిన సంపద పన్నును సరిచేసి మళ్లీ తెచ్చే అవకాశం ఏడేళ్లపాటు వాళ్ల చేతిలో ఉంది. తేలేదు. ఆ తర్వాత అది ఎన్నికల ప్రణాళికల్లోకి మాత్రం వచ్చి పోతూ ఉంది.

2003 మార్చి 14న ష్రోడర్ పార్లమెంటులో ‘అజెండా 2010’ ప్రకటించాడు. అందులో అందరికీ గుర్తుండిపోయింది హార్ట్జ్-4. ఫోక్స్‌వాగన్ సిబ్బంది విభాగాధిపతి పీటర్ హార్ట్జ్ నేతృత్వంలోని కమిషన్ పేరుతో ఆ చట్టాలన్నిటికీ ఆ పేరొచ్చింది. ఈ చట్టం సామాన్యుడికి ఎలా తగిలిందో కొంచెం దగ్గరగా చూడాలి. మునుపు ఉద్యోగం పోయినవాడికి తన చందాలతో నడిచే బీమా నుంచి భృతి వచ్చేది. వయసు పైబడినవారికది 32 నెలల దాకా కూడా ఉండేది. అది అయిపోయాక, ఆస్తులు లేకపోతే, పాత జీతంలో సగానికి కాస్త పైన ఇంకో సహాయం గడువు లేకుండా అందేది. అంటే జీవితమంతా పనిచేసినవాడి పాత జీతానికి, హోదాకు ఒక గుర్తింపు మిగిలేది. కొత్త చట్టాల ప్రకారం బీమా భృతి పన్నెండు నెలలు, 55 దాటినవారికి పద్దెనిమిది. ఆ తర్వాత పాత జీతంతో సంబంధం లేకుండా అందరికీ ఒకే మొత్తం. 2005 జనవరిలో అది పశ్చిమాన నెలకు 345 యూరోలు, తూర్పున 331. అద్దె, హీటింగ్ ఖర్చు విడిగా ఇస్తారు, అదీ అధికారి సబబు అన్న మేరకే. అంతకుముందు దాచుకున్న సొమ్ము ఖర్చు చేసుకోవాలి. వయసులో ఏడాదికి 200 యూరోల లెక్కన మాత్రం ఉంచుకోవచ్చు. వృద్ధాప్యానికి కేటాయించిన పొదుపుకు మరికొంత మినహాయింపు. యాభై ఏళ్ల ఫ్యాక్టరీ కార్మికుణ్ణి ఊహించండి. పద్దెనిమిదో ఏట పనిలో చేరాడు, ముప్పై ఏళ్లకు పైగా చందా కట్టాడు. ఫ్యాక్టరీ మూతపడిన ఏడాదికి అతను, జీవితంలో ఒక్క రోజు కూడా పనిచేయని మనిషి పక్కనే, అదే వరసలో, అదే మొత్తం కోసం నిలబడాలి. తన బ్యాంకు పాసుబుక్కు, ఇంటి కొలతలు చూపించాలి. పని మీద గౌరవం నేర్పిన పార్టీ చేసిన చట్టమిది. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాడి గుండెలో సైతం అది భయం పెట్టింది. ఆ భయంతోనే అతను జీతం పెంచమని అడగడం తగ్గించాడు.

‘కానీ అది పనిచేసింది కదా’ అన్నది అజెండా సమర్థకుల బలమైన జవాబు. దీన్ని తోసిపుచ్చకూడదు. 2005 ఆరంభంలో 50 లక్షలు దాటిన నిరుద్యోగుల సంఖ్య 2019 నాటికి సగానికి తగ్గి 23 లక్షల దగ్గరికి వచ్చింది. తూర్పు జర్మనీ విలీనం భారంతో, ‘యూరప్ రోగి’ అనే పేరుతో దేశం అవస్థపడుతున్నప్పుడు ఏదో ఒకటి చేయక తప్పదన్నది కూడా నిజమే. అయితే ఆ తగ్గుదలలో ఎంత వాటా హార్ట్జ్‌ది అన్నదానిపై ఆర్థికవేత్తల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. జీతాల పెంపును సంఘాలు 1990ల నుంచే కట్టడి చేసుకోవడం, ఉమ్మడి కరెన్సీ వల్ల ఎగుమతులు చవక కావడం, చైనా జర్మన్ యంత్రాలు ఎగబడి కొనడం, ఇవన్నీ అదే సమయంలో జరిగాయి. 2009 మాంద్యంలో ఆర్థిక వ్యవస్థ ఐదు శాతానికి పైగా కుంచించుకుపోయినా ఉద్యోగాలు నిలవడానికి ప్రధాన కారణం హార్ట్జ్ కాదు, అంతకంటే ఎంతో పాతదైన ‘తక్కువ గంటల పని’ పథకం. పని గంటలు తగ్గిన మేర పోయిన జీతంలో కొంత ప్రభుత్వం భర్తీ చేయడంతో లక్షల మంది పనిలోనే ఉండిపోయారు. సరే, నిరుద్యోగం తగ్గుదల మొత్తాన్ని అజెండా ఖాతాలోనే వేద్దాం. అప్పుడు కూడా, ఆ సంస్కరణ ఖర్చు ఎవరు భరించారు అన్న ప్రశ్న మిగులుతుంది. పై రేటు పన్ను 42కు దిగిన సంవత్సరం, హార్ట్జ్-4 అమలైన సంవత్సరం ఒకటే: 2005. కొద్ది కాలంలోనే దేశంలో ఉద్యోగుల్లో ఐదో వంతుకు పైగా తక్కువ జీతాల పనుల్లో ఉన్నారు. త్యాగం అందరికీ సమానంగా పంచి ఉంటే జర్మన్ కార్మికుడు ఒప్పుకునేవాడేమో. తనకు కోత, పైవాడికి రాయితీ, రెండూ తన పార్టీయే ఇచ్చిందని చూశాక అతను నమ్మకం కోల్పోయాడు. 2005 మేలో 39 ఏళ్లుగా పాలించిన నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం చేజారింది. 2002 చివర 6 లక్షల 90 వేలున్న సభ్యత్వం 2007 చివరికి 5 లక్షల 40 వేలకు పడింది. లాఫోంటేన్ బయటికొచ్చి, తూర్పు జర్మనీ పాత కమ్యూనిస్టు పార్టీ వారసులతో కలిసి, 2007లో వామపక్ష పార్టీ పెట్టాడు.

ఒక్క తప్పుతో ఇంత పాత పార్టీ కూలదు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆ తప్పు చేసిన గాయం ఎందుకు మానలేదన్నదే అసలు విషయం. 2005 ఎన్నికల ప్రచారంలో క్రిస్టియన్ డెమొక్రాట్ల నాయకురాలు ఏంజెలా మెర్కెల్ వ్యాట్‌ను రెండు శాతం పెంచుతానంటే ఎస్‌పీడీ ‘మెర్కెల్ పన్ను’ అంటూ గోడల నిండా పోస్టర్లు వేసింది. ఎన్నికల తర్వాత ఆమెతో సంకీర్ణం కట్టాక వ్యాట్ 16 నుంచి 19 శాతానికి, అంటే మూడు శాతం పెరిగింది. 2007లో పదవీ విరమణ వయసును 67కు తీసుకెళ్లే చట్టం తెచ్చింది ఎస్‌పీడీ కార్మిక శాఖ మంత్రి ఫ్రాంజ్ ముంటెఫెరింగే. 2009లో ఓటు 23 శాతానికి పడింది. లెక్క చూస్తే 2005లో ఎస్‌పీడీ, గ్రీన్స్, వామపక్షం కలిపి 614లో 327 సీట్లు. 2013లో 631లో 320. రెండుసార్లూ మెర్కెల్ లేకుండా ప్రభుత్వం కట్టగల సంఖ్య ఉంది. రెండుసార్లూ ముందే వద్దనుకుంది. లాఫోంటేన్ మీద కోపం, నాటో విషయంలో వామపక్షం వైఖరి, తూర్పు జర్మనీ నియంతృత్వ జ్ఞాపకం దీనికి కారణాలు. అందులో అర్థం లేకపోలేదు. కానీ ఫలితంగా, ఓటరు ఎస్‌పీడీకి వేసిన ఓటు మెర్కెల్ కుర్చీకి కాలవుతుందన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. 1998 నుంచి నాలుగేళ్లు మినహా ఆ పార్టీ అన్ని ప్రభుత్వాల్లోనూ ఉంది. తమ జీవితంలో నచ్చనిదానికి ప్రతిపక్షం ఎవరని వెతికిన మనిషికి అది ఎన్నడూ కనబడలేదు.

అలాగని ఈ కాలంలో పార్టీ ఏమీ చేయలేదనడం అన్యాయం. గంటకు 8.50 యూరోల జాతీయ కనీస వేతనం 2015 జనవరి 1న వచ్చింది ఎస్‌పీడీ పట్టుదల వల్లే. 45 ఏళ్లు చందా కట్టినవారికి కోత లేకుండా 63కే పింఛను ఇప్పించిందీ ఆ పార్టీయే. అయినా 2017లో 20.5 శాతం. మంచి పనికి ఫలితం ఎందుకు దక్కలేదు? మొదటిది, కీర్తి ఛాన్సలర్‌కు పోయింది, సంకీర్ణ ధర్మమే అంత. రెండోది ఇంకా లోతైనది. కనీస వేతనం అవసరమైందే సంఘాల ఉమ్మడి వేతన ఒప్పందాలు చెదిరిపోవడం వల్ల. 1990ల చివర నాలుగింట మూడొంతుల మంది ఉద్యోగులు ఆ ఒప్పందాల నీడలో ఉండేవారు, ఇప్పుడు దాదాపు సగం. 63 ఏళ్ల పింఛను 67 ఏళ్ల చట్టానికి మందు. పార్టీ తెచ్చిన ప్రతి మేలూ పార్టీయే చేసిన, లేదా చూస్తూ ఊరుకున్న ఒక కీడుకు విరుగుడుగా వచ్చింది. మరమ్మతుకు కృతజ్ఞత ఉంటుందేమో గానీ, దాని కోసం కొత్తగా ఎవరూ ఓటేయరు.

ఇళ్ల విషయం తీసుకుంటే ఇది ఇంకా కళ్లకు కట్టినట్టుంటుంది. 2004లో బెర్లిన్ నగర ప్రభుత్వం జీఎస్‌డబ్ల్యూ అనే ప్రభుత్వ గృహ సంస్థను, దాని 65 వేల అద్దె ఇళ్లతో సహా, 40.5 కోట్ల యూరోలకు విదేశీ పెట్టుబడి నిధులకు అమ్మేసింది. ఇంటికి ఆరు వేల పైచిలుకు యూరోలు. నగరం అప్పుల్లో మునిగి ఉన్న మాట నిజమే. అమ్మింది మాత్రం ఎస్‌పీడీ మేయర్ క్లాస్ వోవరైట్ ప్రభుత్వం, వామపక్ష పార్టీ పూర్వరూపం భాగస్వామిగా. ఆ ఇళ్లు చేతులు మారి చివరికి డాయిచె వోనెన్ అనే భారీ స్థిరాస్తి కంపెనీలో కలిశాయి. అద్దెలు పెరిగాయి. 2021 సెప్టెంబర్ 26న, ఎస్‌పీడీ ఛాన్సలర్ అభ్యర్థి ఒలాఫ్ షోల్జ్ పార్లమెంటు ఎన్నికల్లో గెలిచిన రోజే, బెర్లిన్ ఓటర్లు ఇలాంటి పెద్ద కంపెనీల ఇళ్లను పరిహారమిచ్చి ప్రజాపరం చేయాలన్న ప్రతిపాదనకు 59 శాతం మద్దతిచ్చారు. దాన్ని వ్యతిరేకించినవారిలో ముందున్నది ఎస్‌పీడీ మేయర్ అభ్యర్థి ఫ్రాంజిస్కా గిఫై. ఆ ప్రతిపాదన ఆచరణయోగ్యమా కాదా అన్నది వేరే చర్చ, పరిహారం ఖర్చు సామాన్యమైనది కాదు. కానీ అద్దెకుండేవాళ్లు ఎక్కువగా ఉన్న నగరంలో, అద్దె భారమే అందరి నోటా ఉన్న రోజుల్లో, ప్రత్యామ్నాయంగా అంతే బలమైన ప్రణాళిక ఏదీ ఆ పార్టీ ముందుంచలేదు. దేశస్థాయిలో ఏడాదికి 4 లక్షల ఇళ్లు కడతామన్నారు. 2024లో పూర్తయినవి దాదాపు 2 లక్షల 52 వేలు.

ఇళ్లు, వంతెనలు, రైళ్లు ఎందుకిలా దెబ్బతిన్నాయంటే 2009లో రాజ్యాంగంలో చేర్చిన అప్పుల కట్టడి నిబంధన దగ్గరికి రావాలి. కేంద్ర ప్రభుత్వపు నిర్మాణాత్మక లోటు జాతీయోత్పత్తిలో 0.35 శాతం దాటకూడదన్న ఆ నిబంధన వచ్చినప్పుడు ఆర్థికమంత్రి ఎస్‌పీడీకి చెందిన పేర్ స్టైన్‌బ్రుక్. దాని ఉచ్చు చివరికి పార్టీ మెడకే బిగిసింది. వాడని కోవిడ్ రుణాధికారం 6 వేల కోట్ల యూరోలను వాతావరణ నిధికి మళ్లించడం చెల్లదని 2023 నవంబర్ 15న రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఏడాది తిరిగేసరికి ఆ డబ్బు గొడవతోనే ఛాన్సలర్ షోల్జ్ సంకీర్ణ భాగస్వామి పార్టీకి చెందిన ఆర్థికమంత్రి క్రిస్టియన్ లిండ్నర్‌ను తొలగించాడు, ప్రభుత్వం కూలింది. 2025 మార్చిలో ఆ రాజ్యాంగ నిబంధనను సడలించి, 50 వేల కోట్ల యూరోల మౌలిక వసతుల నిధి ఏర్పాటు చేశారు. అది జరిగింది ఎస్‌పీడీ చిత్తుగా ఓడాక, అంతకుముందు దాకా సడలింపు వద్దన్న క్రిస్టియన్ డెమొక్రాట్ ఫ్రీడ్రిష్ మెర్జ్ నాయకత్వంలో.

పార్టీకి మిగిలిన మరో ఆస్తి శాంతి రాజకీయం. 1970 డిసెంబర్‌లో వార్సాలో యూదుల స్మారకం ముందు మోకరిల్లిన బ్రాంట్, తూర్పుతో రాజీకి మార్గం వేసి 1971లో నోబెల్ శాంతి బహుమతి పొందాడు. అదే మార్గం ముప్పై ఏళ్ల తర్వాత రష్యా గ్యాసు పైపులైన్లుగా మారింది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు జర్మనీ గ్యాసు దిగుమతుల్లో సగానికి పైగా రష్యావే. ష్రోడర్ పదవి దిగిన వెంటనే ఆ పైపులైను కంపెనీలో చేరాడు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడితో ఆ విధానం కుప్పకూలింది. ఆయుధాలకు 10 వేల కోట్ల యూరోలు ప్రకటించడం షోల్జ్‌కు తప్పలేదు. ఆ నిర్ణయం సరైనదే. అయితే దాని స్థానంలో కొత్త శాంతి విధానం ఏమిటో పార్టీలో ఇద్దరిని అడిగితే రెండు జవాబులు వస్తాయి.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. యూరప్ అంతటా ఇదే జరుగుతుంటే ఒక్క ఎస్‌పీడీని అనడమేమిటన్నది ఒకటి. గ్రీసులో పాసోక్ 2009లో 43.9 శాతం నుంచి 2015 జనవరి నాటికి 4.7కు పడింది. డచ్ లేబర్ పార్టీ 2012లో 24.8 నుంచి 2017లో 5.7కు. ఫ్రెంచ్ సోషలిస్టు అధ్యక్ష అభ్యర్థికి 2022లో 1.75 శాతమే. నిజమే. అయితే ఈ ముగ్గురూ ఎప్పుడు కూలారో చూడండి. తమ ఓటర్ల మీద కోతలు తామే అమలు చేసిన, లేదా ఇచ్చిన మాటకు ఎదురు నడిచిన పదవీకాలాల తర్వాతే కూలారు. అంటే యూరప్ ఉదాహరణ నా వాదనను బలపరుస్తుందే గానీ కొట్టేయదు.

కార్మికులే లేరన్నది రెండోది. గనుల్లో, కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు తగ్గారు. 2018 డిసెంబర్‌లో బోట్రోప్‌లో ఆఖరి నల్లబొగ్గు గని మూతపడింది. సంఘాల సమాఖ్య సభ్యత్వం 1991లో కోటీ 18 లక్షలైతే ఇప్పుడు అందులో సగం కంటే తక్కువ. కానీ ఆసుపత్రుల్లో ముసలివాళ్లకు స్నానం చేయించేవారు, గోదాముల్లో సరుకు సర్దేవారు, పార్సిళ్లు మోసేవారు పెరిగారు. వారిది కూడా చాకిరీయే, వారూ అద్దె కట్టాలి. పార్టీ తలుపు తట్టి పిలిస్తే వచ్చే ఓటర్లు వీళ్లు. పైగా 2025లో 38 శాతం కార్మికులు ఏఎఫ్‌డీకి వేశారంటే, వేయడానికి కార్మికులు ఉన్నారనే కదా.

మూడోది వలసల సంగతి. డెన్మార్క్‌లో మెటె ఫ్రెడెరిక్సెన్ వలసలపై కటువుగా ఉండి గెలిచిందని, ఎస్‌పీడీ కూడా అలాగే చేయాలని సలహా. కానీ ఆమె దాంతో పాటు, చిన్న వయసులో పనిలో చేరి ఒళ్లు హూనం చేసుకున్నవారికి ముందస్తు పింఛను కూడా ఇచ్చింది. సలహా ఇచ్చేవాళ్లు ఆ రెండో సగం చెప్పరు. పైగా 2025 నవంబర్‌లో ఆ పార్టీ వందేళ్లకు పైగా తన చేతిలో ఉన్న కోపెన్‌హాగెన్‌ను పోగొట్టుకుంది. వలసల ఒత్తిడి ఊహాజనితమని నేననను. బడి గదులు, ఇళ్లు చాలని పేటల్లో ఆ భారం మోసేది పేదలే, గెల్సన్‌కిర్షెన్ వాళ్లకది బాగా తెలుసు. అది తీరేది బడులు కట్టడం వల్ల, ఇళ్లు కట్టడం వల్ల. ఈ విషయంలో మనకూ సంబంధం ఉంది. జర్మన్ నగరాల్లో చదువుకుంటున్న, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు కొద్దిమందేమీ కాదు. 2024 అక్టోబర్‌లో షోల్జ్ ప్రభుత్వం భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది. అదే ఏడాది జూన్‌లో, బాగా కలిసిపోయినవారికి మూడేళ్లకే పౌరసత్వమిచ్చే వీలు కల్పించింది. 2025లో మెర్జ్ సంకీర్ణం ఆ మూడేళ్ల వీలును రద్దు చేసింది. ఆ సంకీర్ణంలో ఎస్‌పీడీ ఉంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఓటర్ల రాకపోకల నుంచి వస్తుంది. 2025లో ఎస్‌పీడీని వదిలినవారిలో ఎక్కువమంది, 17 లక్షలకు పైగా, వెళ్లింది క్రిస్టియన్ డెమొక్రాట్ల దగ్గరికి. ఏఎఫ్‌డీకి 7 లక్షలు, వామపక్షానికి 5 లక్షల పైన. మరి ఎడమకు జరిగితే ఏం లాభం? ఇక్కడ కుడి ఎడమల కొలబద్ద పనికిరాదు. ఒకే పార్టీ నుంచి జనం మూడు దిక్కులకూ పోయారంటే, వాళ్లు ఆ పార్టీ నిలబడిన చోటును కాదు, దాని మాటనే నమ్మలేదని అర్థం. 2021 దీనికి ఎదురు సాక్ష్యం. ఆ ఎన్నికల్లో షోల్జ్ ‘గౌరవం’ అన్న ఒక్క మాట పట్టుకున్నాడు. పార్సిల్ మోసేవాడికీ ప్రొఫెసర్‌కూ ఒకే గౌరవం, కనీస వేతనం 12 యూరోలు, నిలకడైన పింఛను. అంతే. 25.7 శాతంతో పార్టీ మొదటి స్థానానికి వచ్చింది. ప్రత్యర్థి బలహీనుడు కావడం కలిసొచ్చింది, నిజమే. కానీ మాట స్పష్టంగా ఉంటే వినేవాళ్లు ఉన్నారని కూడా ఆ ఫలితం చెప్పింది. 2022 అక్టోబర్‌లో 12 యూరోల వేతనం అమలైంది. అదే ఏడాది ధరలు ఏడు శాతం దాకా పెరిగి ఆ పెంపును మింగేశాయి. ధరల నుంచి కాపాడే పెద్ద అడుగు వేయాలంటే డబ్బు కావాలి, డబ్బుకు అప్పుల నిబంధన అడ్డం, సంపద పన్నుకు భాగస్వామి అడ్డం. షోల్జ్ ఆ అడ్డంకి ఎవరో పేరుపెట్టి ప్రజల ముందు పోరాడలేదు. మూడేళ్లు మూసిన గదుల్లో బేరమాడాడు. చివరి రాత్రి పోరాడాడు, అప్పటికి ఆలస్యమైపోయింది.

2023 జనవరిలో హార్ట్జ్-4 పేరు మార్చి ‘పౌర భృతి’గా తెచ్చినప్పుడు పార్టీ తన పాత గాయాన్ని మూసేశానని చెప్పుకుంది. 2025 సంకీర్ణ ఒప్పందం ఆ భృతినీ తీసేసి, షరతులు కఠినం చేసి కొత్త పేరుతో తేవాలంది. దాన్ని అమలు చేయాల్సిన కార్మిక శాఖ మంత్రి డూయిస్‌బర్గ్ నుంచి వచ్చిన బెర్బెల్ బాస్, పార్టీ ఇద్దరు అధ్యక్షుల్లో ఒకరు. రెండో అధ్యక్షుడు, ఆర్థికమంత్రి లార్స్ క్లింగ్‌బైల్‌కు 2025 జూన్ మహాసభలో సొంత ప్రతినిధులు వేసిన ఓట్లు 64.9 శాతమే. సెప్టెంబర్ స్థానిక ఎన్నికల్లో దాదాపు ఎనభై ఏళ్లుగా తనదైన డోర్ట్‌మండ్ మేయర్ పదవి పోయింది. గెల్సన్‌కిర్షెన్, డూయిస్‌బర్గ్ రెండో విడతలో ఏఎఫ్‌డీ అభ్యర్థులను ఓడించి నిలిచాయి. అంటే ఎదురుగా ఎవరున్నారో స్పష్టమైన చోట ఈ పార్టీకి ఓటేసేవాళ్లు ఇంకా మిగిలే ఉన్నారు.

ప్రస్తుతం అమల్లో ఉన్న పార్టీ మౌలిక కార్యక్రమం 2007లో హాంబర్గ్‌లో ఆమోదించింది. ఆర్థిక సంక్షోభానికి, ఉక్రెయిన్ యుద్ధానికి, ఇళ్ల కరువుకు ముందుది. దాని స్థానంలో కొత్తది రాయాలని పార్టీ నిర్ణయించింది. అందులో సంపద పన్ను ఎంత, ఎవరి మీద, సంఘాల వేతన ఒప్పందాలు మళ్లీ విస్తరించడానికి చట్టం ఏమిటి, నగరాలు అమ్ముకున్న ఇళ్లకు బదులు ఇళ్లు ఎవరు కడతారు, ఇవి అంకెలతో, తేదీలతో ఉండాలి. వీటికి ఒప్పుకోని భాగస్వామితో ప్రభుత్వంలో కూర్చోబోమన్న మాట కూడా రాసి ఉండాలి. ఈ ఆఖరి వాక్యం రాయలేకపోతే ఆ పార్టీ ఇంకో ఇరవై ఏళ్లు మంత్రి పదవుల్లో ఉండొచ్చు గానీ, గెల్సన్‌కిర్షెన్ మాత్రం దానికి తిరిగి రాదు.